సముద్రము లేని యూరి వాహ్యాళి

గతమాసమున ఈ శీర్షికక్రింద విశాఖపట్టణమునుండి భీమునిపట్టణము వఱకు గల సముద్రతీరమును, త్రోవలోని యెఱ్ఱమట్టి దిబ్బలను, తొట్లకొండమీది బౌద్ధారామపు శిథిలములను గూర్చి వ్రాసితిమి. అది చదివి శ్రీరాంపూరు బొగ్గుగనుల కాలనీనుండి యొక సోదరి మాకు జాబు వ్రాసినది. "తీరము వెంట నడచుట, అడవిలో నడచుట మీరు చెప్పినట్లు ఇంపుగానే యుండును. కాని మాకు సముద్రమెక్కడిది? మా వాకిట నిలిచి చూచిన బొగ్గులారీలును, గనిమట్టి దిబ్బలును దప్ప మఱేమియు గానరావు. మావంటి గృహిణులు ఉదయమున బయలుదేరి దీపములవేళకు ఇల్లు చేరునట్లు చూచి రాదగిన తావులు మా ప్రక్కల నేవైన నున్నవా?" అని యామె ప్రశ్న.

ప్రశ్న న్యాయమైనది. చూడదగిన చోటనిన ఊటీయో, కొడైకనాలో, విశాఖయో యని పత్రికలవారును చదువరులును గూడ నొక నిశ్చయమునకు వచ్చియున్నారు. అందువలన గలిగిన ఫలమేమనగా, కొడైకనాలు సరస్సునందలి పడవల కిరాయి యెంతయో చెప్పగలిగియు, తమ యింటి మిద్దెమీదికి కనబడు కొండపేరు చెప్పజాలని స్త్రీలు మనలో బయలుదేరిరి. ఆ సోదరి యట్లుగాక తన యూరి చుట్టునే వెదకబూనినది. అందుచేత ఈ నెల శీర్షిక యంతయు శ్రీరాంపూరునకే యిచ్చుచున్నాము.

ముందు ఊరేదో తేల్చుకొనవలయును. శ్రీరాంపూరను పేరుగల గ్రామమొకటి గోదావరికి దక్షిణమున, పూర్వపు కరీంనగరు జిల్లాలో, నేటి పెద్దపల్లి జిల్లాలో నున్నది. చుట్టములకు పంపిన యుత్తరములు ఒక యూరికి పోవలసినవి మఱియొక యూరికి పోవుట యచ్చటివారికి క్రొత్తగాదు. మనము చెప్పుకొనునది గోదావరికి ఉత్తరపుటొడ్డున, మంచిర్యాలనుండి చెన్నూరునకు పోవు బాటమీద, సింగరేణి గనులను జుట్టుకొని పెరిగిన శ్రీరాంపూరు. 2016 అక్టోబరు 11వ తేదీన ఆదిలాబాదు జిల్లా విభజింపబడినప్పుడు ఇది మంచిర్యాల జిల్లాలో జేరినది. దక్షిణమున నది, మంచిర్యాల దాటి ఉత్తరముగ పోయిన టేకుటడవి, ఇసుకరాతి గుట్టలు. సముద్రము లేకున్నను, ఒక దినమునకు జాలినంత నడక యీ రెండు దిక్కులందును గలదు.

త్రోవలు చెప్పుటకు ముందు ఒక చిక్కును గూర్చి ముచ్చటింపవలసియున్నది. ఆ సోదరి తన జాబులో దానిని వ్రాయలేదు గాని, వ్రాయకయే తెలియుచున్నది. కాలనీయందు ఇంటి గడియారము గనియొక్క గడియారమును బట్టి నడచును. ఇంటివారికి మొదటి షిఫ్టయినచో వేకువజామున సద్దిడబ్బా కట్టవలయును. రాత్రి షిఫ్టయినచో పగలు నిద్రించువారికి అలికిడి గాకుండ పిల్లలను కనిపెట్టుకొని యుండవలయును. ఇట్టి యింటినుండి యొక స్త్రీ చెప్పులు తొడుగుకొని వాకిలి దాటగానే "ఎందుకు పోవుచున్నావు?" అను ప్రశ్న వచ్చును. గుడికి, వ్రతమునకు, జాతరకు, ఆసుపత్రికి, పేరంటమునకు అని చెప్పినచో నది సమాధానము. "ఊరకనే, నడచుటకు" అనునది మాత్రము సమాధానము కాదు. ఇంటివారు ఊరక వీధి చివరవఱకు పోయివచ్చిన కారణ మడుగువారు లేరు.

మన పెద్దవారు ఈ చిక్కును తెలివిగా తప్పించుకొనిరనియే నా నమ్మకము. కార్తీకమాసమున ఉసిరికచెట్టు క్రింద భుజింపవలయునని నియమము పెట్టినచో, అడవికి పోవుట పుణ్యమైనది; అడ్డు చెప్పువారు పాపమునకు వెఱతురు. బతుకమ్మ పండుగయు నట్టిదే. ఎంగిలిపూవు నాటినుండి సద్దుల బతుకమ్మ వఱకు తొమ్మిది దినములు పూవులు కావలయును. తంగేడు గుట్టల మొదళ్ళను, గునుగు చేనిగట్లను పూయును. వానికొఱకు ఆడుపిల్లలు గుంపులు గుంపులుగా తెల్లవారకముందే ఊరుదాటి పోవువారు. పూవులతోబాటు వారు తెచ్చుకొన్న గాలియు, నవ్వులును లెక్కలో వ్రాయబడలేదు. నేడు గునుగుకట్టలు బజారులో దొరకుచున్నవి. కొనుక్కొనుట సుళువే. కాని పూవుతోబాటు పోయిన యా నడక బజారులో దొరకదు గదా! ఈ సంవత్సరము తంగేడుపూవైనను స్వయముగా పోయి తెచ్చుకొనుడని శ్రీరాంపూరు సోదరీమణులకు నా మొదటి సలహా. దానికి ఎవరి సెలవును అక్కఱలేదు.

జపానుదేశపు అటవీశాఖవారు 1982లో "షిన్రిన్-యోకు", అనగా వనస్నానము, అను మాటను పుట్టించి తమ ప్రజలను అడవులలో నడువుడని ప్రోత్సహించిరి. ప్రపంచ ఆరోగ్యసంస్థవారు 2020లో వెలువరించిన సూచనలలో, పెద్దవారు వారమునకు 150 మొదలు 300 నిమిషముల వఱకు ఒకమోస్తరు శరీరశ్రమ చేయవలయునని చెప్పిరి. "మా కోడలు ఇంటిలో తిరుగునది అంతకన్న నెక్కువే" అని యత్తగారు అనవచ్చును. అది నిజమే, ఇంటిపనియు శ్రమయే యని ఆ సంస్థవారును ఒప్పుకొనుచున్నారు. అయినను పొయ్యికిని తొట్టికిని నడుమ తిరుగు కన్నులకు నాలుగు గోడలను దాటి చూచు పని తగులదు.

ఇక త్రోవలకు వత్తము. దగ్గఱిది గోదావరి.

మంచిర్యాల గోదావరిఘట్టమునకు శ్రీరాంపూరునుండి బస్సులోగాని ఆటోలోగాని పోయి, అచటినుండి ఒడ్డువెంట నడువవచ్చును. మఱియొక దారి యిందారము మీదుగా గోదావరిఖనికి పోవు పెద్దవంతెన దగ్గఱకు. వంతెనపై లారీల రాకపోకలు మిక్కుటముగాన అచట నిలిచి చూచుట కన్న, దిగువ తీరమునకు చేరుట మేలు. త్ర్యంబకమువద్ద పుట్టి 1,465 కిలోమీటర్లు ప్రవహించి బంగాళాఖాతమున గలియు నదికి ఇది నడిభాగము; ప్రాణహిత యింకను వచ్చి కలియలేదు. శరదృతువున ఒడ్డున రెల్లుపూవు తెల్లగా పూచియుండును. శీతకాలమున ఇసుకతిన్నెలమీద చక్రవాకములు జంటలుగా వ్రాలును. కావ్యములలో రాత్రివేళ విరహ మనుభవించునని మనము చదువుకొన్న పక్షి యిదే. దాల్చినచెక్కవంటి రంగు, గంభీరమైన నడక. బంధువుల పెండ్లికి వచ్చి పట్టుచీర నలుగునేమోయని కూర్చుండని ముత్తైదువవలె నుండును.

ఈ నది నేడు తనంతట తాను నిండునది, ఎండునది కాదని మాత్రము మఱువరాదు. మంచిర్యాలకు ఎగువను శ్రీపాద ఎల్లంపల్లి జలాశయము కలదు. దాని నిలువ 20.175 టి.యం.సి.లు, హైదరాబాదు నగరమున మన చుట్టములు త్రాగు నీటిలో కొంత యిచటిదే. తలుపు లెత్తినప్పుడు దిగువ నీటిమట్టము తొందరగా పెరుగును. 2022 జూలై వఱదలలో మంచిర్యాల పల్లపు వాడలలోనికి నీరు వచ్చిన సంగతి ఆ ప్రాంతపు వారు మఱువలేదు. దిగువను సుందిళ్ల యానకట్ట 2019లో పూర్తియైనది. 2023 అక్టోబరులో మేడిగడ్డ యానకట్ట స్తంభములు క్రుంగిన పిదప అచటి నీటిని దిగువకు విడిచిరి. నిరుడు నీరున్న చోట నేడు ఇసుక యుండవచ్చును. నేడు ఇసుకయున్న చోట రేపు నీరుండవచ్చును. కావున తిన్నెమీద పిల్లలను విడిచి కబుర్లలో మునుగుట కూడదు. ఆషాఢమునుండి ఆశ్వయుజము నడిమివఱకు ఒడ్డుననే యుండి చూచుట మంచిది. కార్తీకము మొదలు ఫాల్గుణము వఱకు తీరపు నడకకు తగిన కాలము. వైశాఖమున ఎండ 45 డిగ్రీలు దాటుట యీ ప్రాంతమున కద్దు. అప్పుడు నడకమాట తలపెట్టనే వలదు.

నదిలో దిగి ఆడుటను గూర్చి మఱొక మాట. జైపూరు దాటి పోయిన శివారమువద్ద గోదావరిలో మొసళ్ళ యభయారణ్యము కలదు. విస్తీర్ణము సుమారు 36 చదరపు కిలోమీటర్లు. వేసవిలో ఏఱు సన్నగిలినను ఇచటి లోతైన మడుగులలో నీరు నిలిచియుండును గనుక మొసళ్ళు అచటనే నివసించుచున్నవి. శీతకాలపు ఉదయమున అవి బండలపై ఎండ కాచుకొనుచు కదలక మెదలక పడియుండును. నోరు తెఱచుకొని యుండుట కోపముచే గాదు, ఒడలి వేడిమిని సరిచేసికొనుటకు. అటవీశాఖవారి యనుమతితో, వారు చూపినచోట నిలిచి, దూరమునుండి చూచి రావలయును. మొసలి సరిహద్దురాళ్ళను చూచి నిలుచునది కాదు గావున, గోదావరిలో నెచ్చటనైనను మోకాలిబంటికి మించి దిగకుండుట మన కలవాటు కావలయును.

రెండవది కొండదారి. నా మాట నడిగినచో నడకలన్నింటిలో దీనికే పెద్దపీట వేయుదును.

మంచిర్యాలనుండి మందమఱ్ఱి మీదుగా బెల్లంపల్లికి పోవు బాటలో బొక్కలగుట్ట యను గ్రామము కలదు. అచటినుండి అడవిత్రోవను పోయిన గాంధారి ఖిల్లా కనబడును. గోండురాజులు కట్టిన కోటయని ప్రసిద్ధి. కోటయనగానే గోలకొండ వంటిదానిని ఊహించుకొని పోవువారికి నిరాశ కలుగును. ఇది అడవి తిరిగి లోగొన్న కోట. ఇసుకరాతి గుట్టయే గోడ; గుట్ట విడిచిన చోట మనుష్యులు రాయి పేర్చిరి. రాతిని మలచిన దేవతామూర్తులు గాలివానలకు అరిగి, ముఖమేదో వస్త్రమేదో తెలియని స్థితిలో నున్నవి. కొన్నింటికి మాత్రము క్రొత్త పసుపు కుంకుమ లున్నవి. అవి శిథిలములు గావు; వానికి పూజ చేయువారున్నారు. మాఘమాసమున నాయకపోడు లిచట గాంధారి మైసమ్మ జాతర చేయుదురు. ఆ దినములలో నిర్జనమైన గుట్ట యూరివలె నగును. ఏకాంతము కోరువారు జాతర కాని దినమున పోవలయును. కాని మొదటిసారి పోవువారికి, ముఖ్యముగా ఇంటివారి యనుమతి కష్టముగానున్నవారికి, జాతరయే మంచి యదను. "మైసమ్మకు మ్రొక్కున్నది" యన్నచో కాదను వారెవరు? ఆ దినమున త్రోవ చూచికొని, మఱుసారి తీరికగా పోవచ్చును. చెప్పితిని గదా, పెద్దవారి తెలివి యింకను పనికివచ్చుచునే యున్నది.

తెల్లవారగనే బయలుదేరి యెండ ముదురకముందే పైకెక్కవలయును. త్రోవలోని చెట్లను పేరుపేరున పలుకరించుచు పోయిన నడక తెలియదు. టేకు పెద్దయాకును ఎవరైనను గుర్తింతురు. లేతయాకును అరచేత నులిమి చూడుడు. గోరింటాకు పెట్టినట్లు ఎఱ్ఱబారును. పిల్లలు దీనికొక్కదానికే కొండయెక్కుదురు. బెరడు మొసలితోలువలె పగిలియుండునది నల్లమద్ది. నల్లని బెరడుతో, అండాకారపు దళసరి యాకులతో పొట్టిగా నుండునది తునికి. మాఘఫాల్గుణములలో ఆకులన్నియు రాల్చి నిప్పుకణికలవలె పూచునది మోదుగ. హోళీకి రంగు దీని పూవులనుండియే తీయుదురు. ఆ దినములలో అడవి దూరమునకు తగులబడుచున్నట్లు కనబడును. నిజముగా తగులబడు దినములును అవియే. ఎండిన టేకాకుమీద చిన్న నిప్పురవ్వ పడినను గుట్టలు గుట్టలు అంటుకొనును. వనభోజనమని పొయ్యి పెట్టి వండుకొనుట మన పాత యలవాటైనను, అడవిలో నిప్పు చేయుట చట్టప్రకారము నేరము. అందుచేత వంట యింటిలోనే ముగించుకొని సద్దిమూటతో పోవలయును. సర్వపిండి దీనికి సృష్టింపబడినట్లే యున్నది. బియ్యపుపిండిలో నువ్వులు, పల్లీలు, పచ్చిమిరప, కరివేపాకు కలిపి గంజుకు ఒత్తి కాల్చినచో సాయంకాలము వఱకు చెడదు. చేతికి జిడ్డు గాదు. పిల్లలు కారమని యేడ్చినను తినక మానరు. పెరుగన్నము, మామిడికాయ తొక్కు దానికి తోడు.

కొండపైనుండి చూచినప్పుడు ఒకవైపు అడవియు, మఱియొకవైపు దూరమున బొగ్గుగనుల మట్టిదిబ్బలును కనబడును. ఆ దిబ్బలను చూచి "అదియు గుట్టయేనా?" అని పిల్లలడుగుదురు. బొగ్గు తీయుటకు పైపొరను త్రవ్వి పోసిన మన్ను అది. కొన్నిచోట్ల నిజమైన గుట్టల యెత్తు వచ్చినది. ఆ దిబ్బలనెక్కుటకు సాహసింపరాదు. మన్ను కూలును, ప్రక్కనే పేలుళ్ళు జరుగుచుండును. కాని పిల్లవాని ప్రశ్న వృథా కానీయక ఒక కథ చెప్పవచ్చును. అది కట్టుకథ కాదు.

శ్రీరాంపూరునకు రెండడవులు కలవు. ఒకటి భూమిమీద, ఒకటి భూమిక్రింద. బొగ్గనగా చచ్చిన యడవి. ఇంచుమించు 25 మొదలు 30 కోట్ల సంవత్సరముల క్రిందట ఇచట బురదనేలలును, వానిలో దట్టమైన చెట్లును ఉండెడివి. పడిన చెట్లు నీటిలో మునిగి, వానిపై ఇసుక పేరుకొని, బరువునకు అణగి బొగ్గైనవి. నాడు వాతావరణము చల్లనిది. నేటి యెండను ఎరుగనిది. ఆ యడవిలో ముఖ్యమైన చెట్టునకు శాస్త్రజ్ఞులు గ్లోసోప్టెరిస్ అని పేరు పెట్టిరి. నాలుకవంటి యాకు గలదని దాని భావము. అట్టి యాకు గుర్తులు మన గనిరాళ్ళలో నున్నట్లే ఆస్ట్రేలియాలోను, దక్షిణాఫ్రికాలోను, దక్షిణామెరికాలోను కనబడినవి. 1912లో దక్షిణధ్రువము చేరి తిరిగివచ్చుచు మంచులో మరణించిన స్కాటు దొర బృందమువారి గుడారములో, వారు తుదివఱకు విడువక యీడ్చుకొనివచ్చిన 35 పౌనుల రాళ్ళు దొరికినవి. వానియందును ఈ యాకు గుర్తే. ఆహారము లేక, కాళ్ళు గడ్డకట్టి, బ్రతుకుమీద నాస యుడిగిన సమయమునను వారు ఆ రాళ్ళను పారవేయలేదు. ఆ భూములన్నియు నొకప్పు డొకటిగా నుండెననుటకు ఈ యాకు సాక్ష్యము. ఆ పురాతన ఖండమునకు పండితులు పెట్టిన పేరు గోండ్వానా. మన గోండుల పేరే! గాంధారి కోట కట్టినవారి పేరు నేడు ప్రపంచమందలి భూగర్భశాస్త్ర గ్రంథములన్నింటను అచ్చుపడియున్నది. ఈ సంగతి శ్రీరాంపూరు పాఠశాలలోని ప్రతి బాలికకును తెలిసియుండవలయునని నా కోరిక.

క్రింది యడవిలోనికి స్త్రీలకు చిరకాలము ప్రవేశము లేదు. 1952 నాటి గనుల చట్టము భూగర్భములో స్త్రీలకు పని నిషేధించినది. 2019లో కేంద్రప్రభుత్వము నియమములను సడలించి, పర్యవేక్షణ, సాంకేతిక ఉద్యోగములలో పగటివేళ స్త్రీలు గనిలోనికి దిగవచ్చునన్నది. గనిలోనికి దిగుటకే త్రోవ తెఱవబడిన దినములలో, గుట్టమీదికి ఎక్కుటకు కారణము చెప్పవలసివచ్చుట వింతగా లేదా?

మిగిలిన చోట్లను గూర్చి క్లుప్తముగా చెప్పెదను. గోదావరి దాటి పెద్దపల్లి జిల్లాలో బేగంపేటవద్ద రామగిరి ఖిల్లా యున్నది. కొండ పెద్దది, ఎక్కుట శ్రమ. ఓషధులకు ప్రసిద్ధిగాన ఆయుర్వేద విద్యార్థులు వెదకుచు వత్తురు. మోకాళ్ళ నొప్పులవారు దాని జోలికి పోరాదు. అట్టివారికి దండేపల్లి మండలపు గూడెము సత్యనారాయణస్వామి గుట్ట సుఖము. వ్రతమును, నడకయు నొకేసారి తీరును. జన్నారమువైపు కవ్వాల అభయారణ్యము కలదు. 1965 నుండి అభయారణ్యము, 2012లో పెద్దపులుల సంరక్షణ కేంద్రము. అచట లోపలి భాగమున కాలినడకకు అనుమతి లేదు. అటవీశాఖవారి బండిలో కూర్చుండి చూచి రావలసినదే. కనుక నది వాహ్యాళిలో చేరదు.

పులిమాట వచ్చినది గనుక దాచుట తగదు. 2020 నవంబరులో పొరుగుననున్న కుమ్రం భీం ఆసిఫాబాదు జిల్లాలో పులి యిద్దరిని చంపినది. అందొకతె చేనికి పోయిన యువతి. 2024 నవంబరులో ఆ జిల్లాలోనే పత్తి యేరుచున్న మఱియొక యువతి ప్రాణములు గోల్పోయినది. మహారాష్ట్రమందలి తాడోబా యడవులనుండి పులులు ప్రాణహిత దాటి యిటు వచ్చుచుండును. అది అడవికి శుభసూచకమే గాని, చేనిలో వంగి పనిచేయు స్త్రీకి గాదు. పులి సంచారమున్నదని అటవీశాఖవారు చాటింపు వేసినచో మనము ప్రయాణము మానుకొనవచ్చును. ఆమె పత్తి యేరుట మానుకొనజాలదు. మనకును ఆమెకును గల భేద మిదియే.

అడవిలో నడచు స్త్రీలు లేరని యెవరైన ననినచో నవ్వు వచ్చును. చైత్రమున ఇప్పపూవు రాత్రివేళ రాలును. వేకువననే గంపలతో పోయి యేరుకొనువారు స్త్రీలే. ఆపై తునికాకు కాలము. తెల్లవారుజామున ఆకు కోసి, ఇంటికి తెచ్చి, 50 ఆకులకొక కట్ట చొప్పున కట్టి, కల్లములో ఒప్పజెప్పువారిలోను స్త్రీలే యెక్కువ. వారి కాళ్ళకు తెలిసిన త్రోవలు మన పటములలో లేవు. వారెదురైనప్పుడు వింతవస్తువులను చూచినట్లు చూచి, అడుగకయే ఫొటోలు తీయుట మన పట్టణపువారికి అబ్బిన దురలవాటు. వారి యిప్పచెట్టు క్రింద పూవులు త్రొక్కరాదు. ఒక్కొక్క చెట్టు నొక్కొక్క యింటివారు అనుభవించుకొనుట యాచారము. త్రోవ యడుగుడు, మంచినీరు పంచుకొనుడు, మోరటిపండ్లో సీతాఫలములో అమ్మజూపిన బేరమాడక కొనుడు. గుట్ట చూపుటకు తోడు వచ్చిన వారికి కూలి యిచ్చుట మఱువకుడు.

ఈ సందర్భమున ఒక పరదేశపు స్త్రీ జ్ఞాపకము వచ్చుచున్నది. 1940లో కుమ్రం భీము పోరాటము జరిగి అతడు మరణించిన పిదప, గోండుల స్థితిగతులను తెలిసికొనుటకు ఆస్ట్రియా దేశీయుడైన హైమండార్ఫ్ పండితుడు ఈ జిల్లాకు వచ్చెను. ఆయన భార్య బెట్టీయు వెంట వచ్చి, జైనూరు ప్రాంతమందలి మార్లవాయి గ్రామమున గుడిసెలో కాపురము చేసినది. గోండులు వచ్చి పోవు త్రోవలలోనే నడచినది, వారి బాస నేర్చినది. 1987లో ఆమె హైదరాబాదులో మరణింపగా మార్లవాయిలోనే సమాధి చేసిరి. తరువాత భర్త యస్థికలకును ఆ ప్రక్కనే చోటు దొరకినది. ఐరోపానుండి వచ్చిన యామెకు దగ్గఱయైన అడవి, మంచిర్యాలలో పుట్టిపెరిగినవారికి దూరము కావలసిన పనిలేదు.

ఇక కొన్ని సామాన్య విషయములు. ఒంటరిగా గాక ఐదాఱుగురు కలిసి పోవలయును. వారిలో ఒకరైనను ఆ త్రోవ తెలిసినవారై యుండవలయును. ఎచటికి పోవుచున్నారో, ఎప్పటికి తిరిగివత్తురో ఇంటిలో చెప్పి పోవుడు. గుట్టల నడుమ ఫోను పలుకదు. జారు చెప్పులు పనికిరావు. చీరకట్టువారు పొలముపనికి కట్టినట్లు కాసె పోసి కట్టుకొన్నచో ముళ్ళకు తగులదు. మనిషికి రెండు లీటర్ల నీరు తక్కువ గాకుండ చూచుకొనుడు. గడ్డిలో నడచునప్పుడు ముందు కఱ్ఱతో తట్టుచు పోవలయును. పాము కఱచినచో కట్టు బిగించుట, కోయుట, నోటితో పీల్చుట, పసరు పోయుట అన్నియు హానికరములు. కఱచిన యవయవమును కదలనీయక, మనిషిని నడిపింపక మోసికొని, ప్రభుత్వ ఆసుపత్రికి చేర్చుటయే చికిత్స. విరుగుడుమందు అచట నుండును. మధ్యాహ్నము మూడు గంటలకే గుట్ట దిగుట ప్రారంభింపవలయును. అడవిలో ప్రొద్దు మనము తలచినదానికన్న ముందే వ్రాలును.

రాత్రి షిఫ్టు వారమున ఇల్లు విడుచుట కష్టము. రెండవ షిఫ్టు వారములో పిల్లలకు బడి లేని యాదివారము చూచుకొనుడు. తోడికోడలును, ఆడబిడ్డను గూడ పిలిచికొని పోయినచో ఇంటికి వచ్చిన పిదప మాటపడు భయమును ఉండదు. అత్తగారు వత్తుననినచో గూడెము గుట్టకు మార్చుకొనుడు. మొదటిసారి గోదావరి యొడ్డుకు, కాళ్ళు అలవాటుపడిన పిదప గాంధారికి.

పెద్దపల్లివైపు శ్రీరాంపూరు సోదరీమణులు తమకేమియు చెప్పలేదని యలుగవలదు. వారి దగ్గఱ సబ్బితమువద్ద గౌరీగుండము జలపాతమున్నది. అది వానలు పడిన పిదపగాని దుముకదు. కావున దానిని శ్రావణమాసపు సంచికలో వ్రాయుదుము.